ధర ప్రమాణమా?

హౌరా నుంచి ఖరగ్‌పూర్ వైపు వెళ్లే దక్షిణ తూర్పు రైల్వే లైనులో మొదటి స్టేషను టికియాపారా. లోకల్ రైళ్ల కార్‌షెడ్ ఉన్న చోటు. వాల్తేరు డివిజన్ 2003 దాకా ఈ రైల్వేలోనే ఉండేది కాబట్టి, ఈ దారికీ తెలుగువాళ్లకూ ఉన్న చుట్టరికం ఖరగ్‌పూర్ తెలుగు వాడల దాకా పాకింది. టికియాపారాలో ఉన్న కుటుంబం టీవీకి మంచి కేబుల్ కొనుక్కోవాలంటే సాధారణంగా చూసేది నదికి అవతలి చాంద్నీ బజారు వైపే. రైల్లో హౌరా చేరి, 2024 మార్చిలో మొదలైన మెట్రో ఎక్కితే హుగ్లీ నది అడుగు నుంచే ఎస్ప్లనేడ్ వస్తుంది. అక్కడ లైను మారితే పక్క స్టేషనే చాంద్నీ చౌక్. అలాంటి బజార్లలో హెచ్‌డీఎమ్ఐ కేబుళ్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. పొడవు ఒకటే, మొన ఒకటే, నలుపు కూడా ఒకటే. ధరలకు మాత్రం పొంతన ఉండదు. ఏది కొనాలన్నది బజారు ప్రశ్నలాగే వినిపిస్తుంది గానీ, దాని వేళ్లు చాలా లోతుకు పోతాయి. కంటికి కనబడని గుణాన్ని దేన్నిబట్టి నమ్మాలి అన్నదాని మీదే మన తార్కికులు వందల ఏళ్లు జుట్టూజుట్టూ పట్టుకున్నారు. ధర అలాంటి ప్రమాణం కాదనీ, అంతమాత్రాన నమ్మకమే కూడదని కాదనీ, కనబడని చోట నమ్మకానికి కనబడే చోట పరీక్ష జామీను ఉండాలనీ నా వాదం.

హౌరా నుంచి బండేల్, కాట్వా దారిలో రైలెక్కితే నవద్వీపం వస్తుంది. మిథిలలో గంగేశుడు నాటిన నవ్యన్యాయం రఘునాథ శిరోమణి చేతిలో విరగబూసింది అక్కడే. ఆ శాస్త్రం గుమ్మం తొక్కే విద్యార్థి చేతికి ముందుగా వచ్చే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మాత్రం మన ఆంధ్రదేశపు వాడే. ఆ చిన్న పుస్తకంలో చెడ్డ హేతువుల జాబితా ఒకటుంది. పొగను చూసి కొండ మీద నిప్పుందని ఊహిస్తే సరైన అనుమానం. నిప్పును చూసి పొగ ఉందంటే తప్పు, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. నిప్పుతో పొగ రావాలంటే తడి కట్టె తోడవ్వాలి. పైకి కనబడకుండా సంబంధాన్ని మోస్తున్న ఆ తడి కట్టెకే ఉపాధి అని పేరు. ఉపాధి ఉన్నంతవరకు హేతువు పనిచేస్తున్నట్టే ఉంటుంది, అది తొలగిన రోజున కూలుతుంది. ‘ఎక్కువ ధర గనక మంచి బొమ్మ’ అన్న అనుమానం ముమ్మాటికీ ఈ జాతిదే. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న పాత ఏవీ వైర్ల కాలంలో దానికి తడి కట్టె ఉండేది. అది అనలాగ్ సంకేతం. వైరులో విద్యుత్తు ఎంత వంకర పోతే తెర మీద బొమ్మ అంత వంకర పోయేది. కవచం పల్చనైతే నీడ బొమ్మలు, మసక, కారిన రంగులు. మంచి రాగి, మందమైన కవచం కొంటే తేడా కంటికి తెలిసేది. వాటికి డబ్బూ ఎక్కువయ్యేది. హెచ్‌డీఎమ్ఐ తొలి ప్రమాణం 2002 డిసెంబరులో వచ్చింది. తడి కట్టె ఆ తర్వాత మెల్లగా ఆరిపోయింది. అనుమానం మాత్రం అలవాటు కొద్దీ కొట్టు బల్ల మీద అలాగే నిలిచింది.

ఆరిపోవడమంటే ఏమిటో కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే వాదమంతా ఇక్కడే నిలబడుతుంది. ఈ కేబుల్ మొనలో 19 పిన్నులుంటాయి. 2.0 తరం దాకా బొమ్మను మోసేవి మూడు జంటల తీగలు, వాటికి తోడు తాళం వేసే గడియారపు జంట ఒకటి. ప్రతి 8 బిట్లనూ 10 బిట్లుగా మార్చి పంపుతారు. సెకనుకు 60 ఫ్రేముల ఫోర్‌కే బొమ్మకు పిక్సెల్ గడియారం వేగం 594 మెగాహెర్ట్జ్. మూడు జంటలు, పదేసి బిట్లు లెక్కగడితే సెకనుకు 17.82 గిగాబిట్లు. 2013లో వచ్చిన 2.0 ప్రమాణపు గరిష్ఠం 18 కాబట్టి సరిగ్గా దాని అంచున కూర్చుంటుంది. మామూలు సెట్‌టాప్ బాక్సు ఇచ్చే 1080ఐ బొమ్మకు ఇందులో ఎనిమిదో వంతు చాలు, సుమారు 2.23 గిగాబిట్లు. ఇప్పుడు తీగ బలహీనమై ఒక బిట్టు తప్పుగా చేరిందనుకుందాం. పదింటిని విప్పాక ఆ తప్పు ఎనిమిదింటిలో ఏ స్థానంలోనైనా తేలవచ్చు; చిన్న స్థానంలోదైతే కన్ను పట్టదు, పెద్ద స్థానంలోదైతే చుక్క ఒకటి అర్థం లేకుండా మిలుక్కుమంటుంది. తప్పులు పెరిగితే తెర మీద చుక్కలు కుప్పలుగా మెరుస్తాయి, మాట తెగుతుంది, తెర నల్లబడి మళ్లీ వస్తుంది. ఎరుపులన్నీ కాస్త వెలవెలబోవాలన్నా, ఆకుపచ్చలన్నీ కాస్త పచ్చబడాలన్నా తప్పులు ఒక పద్ధతిలో, అన్నీ ఒకే వైపుకు జరగాలి. పాడైన తీగకు అంత క్రమశిక్షణ ఎక్కడిది? అందుచేత ‘రంగులు గాఢంగా వస్తాయి’ అని రాసిన అట్టపెట్టె, లోపలి తీగ ఎలా తయారైనా సరే, ఆ ఒక్క వాక్యంలో అబద్ధమే చెబుతోంది.

‘మా కళ్లతో చూశాం, మంచి కేబుల్ పెట్టగానే బొమ్మ తేరుకుంది’ అని వెంటనే అభ్యంతరం వస్తుంది. ప్రత్యక్షం కన్నా పెద్ద ప్రమాణం ఏముందంటారు. అయితే ఇంద్రియం తాకినదల్లా ప్రమాణం కాదని చెప్పడానికే న్యాయసూత్రం ప్రత్యక్షానికి అవ్యభిచారి అన్న విశేషణం తగిలించింది. కామెర్ల కంటికి శంఖం పసుపుగా కనబడటం ఈ శాస్త్రంలో పాత ఉదాహరణ. డబ్బు చెల్లించిన కంటికి సొంత పిత్తం ఉంటుంది. రెండు టీవీలు పక్కపక్కన పెట్టి చూపించే చోటైతే వెలుతురు, కాంట్రాస్టు సర్దుబాట్లు ఒకటేనా అని అడిగేవాళ్లు అరుదు. పైగా తీగ దాకా రాకముందే జరిగిపోయిన నష్టాన్ని తీగ పూడ్చలేదు. ప్రసారకర్త దగ్గర కుదించిన బొమ్మను సెట్‌టాప్ బాక్సు విప్పి, విప్పిన దాన్నే కేబులుకు అప్పగిస్తుంది. కుదింపులో చెరిగిపోయిన వివరం హుగ్లీ దాటి వచ్చిన కేబుల్లో మళ్లీ పుట్టదు.

ఇంతవరకు విన్నవాళ్లలో కొందరు రెండో వైపుకు దూకుతారు: అన్నీ ఒకట్లూ సున్నాలే, అందుకని అన్ని కేబుళ్లూ ఒకటే, దొరికినదాంట్లో చౌకది తెచ్చుకో. ప్రత్యక్షం తప్ప వేరే ప్రమాణం లేదనే చార్వాకుడి మాట లాంటిది ఇది. నా ఇంట్లో ఈరోజు బొమ్మ వస్తోంది, దానికి మించి దేన్నీ ఒప్పుకోను అన్న వాదమే. కానీ సెట్‌టాప్ బాక్సు అడిగే రెండుంపావు గిగాబిట్లను నిక్షేపంగా మోసిన తీగ, రేపు గేమింగ్ కన్సోల్ తగిలించి 120 ఫ్రేముల ఫోర్‌కే అడిగేసరికి చేతులెత్తేయవచ్చు. ఎక్కువ వేగపు సంకేతం రాగిలో దూరంతో పాటు త్వరగా క్షీణిస్తుంది. 2017లో వచ్చిన 2.1 ప్రమాణం 48 గిగాబిట్ల దాకా పోతుంది. ఆ వేగాన్ని మామూలు రాగి తీగ మూడు నుంచి ఐదు మీటర్ల వరకే నమ్మకంగా మోయగలదు. గోడ దాటి, గది దాటి పోవాలంటే లోపల చిప్పులున్న తీగో, కాంతితో నడిచే తీగో కావాలి. కాంతి తీగకు దిక్కు ఉంటుంది, ఏ మొన టీవీకి, ఏ మొన బాక్సుకు అన్నది తారుమారైతే బొమ్మ రాదు. అంటే ధరకూ గుణానికీ సంబంధం అసలు లేకపోలేదు. పొడవు, వేగం అనే తడి కట్టెలున్న చోట మళ్లీ పుడుతుంది. మీటరున్నర తీగకు సెట్‌టాప్ బాక్సు తగిలించే ఇంట్లో ఆ రెండూ లేవు. బంగారు పూత సంగతి మధ్యలో ఒక మాట: హుగ్లీ ఒడ్డు తేమలో పిన్నులు నల్లబడకుండా అది కాస్త కాపాడుతుంది, అంతవరకు నిజం. అయితే మొన చుట్టూ మెరిసే గొట్టానికి పూసిన బంగారం కొనేవాడి కంటికే.

చూపు చాలదు, ధర చెల్లదు. మిగిలింది శబ్దం, అంటే ఆప్తుడి మాట. ఆప్తుడెవరు అన్నదానికి వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో ఇచ్చిన లక్షణం రెండు ముక్కలు: విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరికా ఉండాలి. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమే అని కూడా ఆయన జోడించాడు. ఆ కాలపు మాటగా అది ఎంత ధైర్యమో ఆలోచించాలి. పుట్టుక ఆప్తత్వాన్ని తేలేదు, పేరూ తేలేదు. ఆ కొలతతో బజారును చూస్తే, కొట్టువాడికి కోరిక ఉండవచ్చు గాని తీగ లోపలి సంగతి ఎరిగి ఉండడు. తయారీదారు ఎరిగి ఉంటాడు గాని అతని కోరిక అమ్మకం మీద. రెండు ముక్కలూ ఒకచోట కలిసేలా చేయడానికే ధ్రువీకరణ పద్ధతి పుట్టింది. 18 గిగాబిట్లకు ప్రీమియం హై స్పీడ్ అనీ, 48కి అల్ట్రా హై స్పీడ్ అనీ పేర్లు. అల్ట్రా హై స్పీడ్ పేరు పెట్టుకోవాలంటే ప్రతి పొడవునూ గుర్తింపు పొందిన పరీక్షశాలలో విడిగా నెగ్గించాలి. పెట్టె మీద క్యూఆర్ ఉన్న లేబుల్ అంటించాలి, దాన్ని ఫోన్లో హెచ్‌డీఎమ్ఐ వాళ్ల యాప్‌తో చూసి సరిపోల్చుకోవచ్చు. లేబుల్నే నకలు కొట్టరా అంటే కొడతారు. అందుకే ఆ లేబుల్ తనను నమ్మమని ఊరికే అడగకుండా, తనను కూడా పరీక్షించమని చెబుతుంది. ‘2.1 కేబుల్’ అని పెద్ద అక్షరాల్లో ముద్రించి ఈ లేబుల్ ఊసెత్తని పెట్టె ఆ పని చేయడం లేదు.

ఇక్కడ భక్తుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం బలమైనది. శ్రద్ధ అన్నదాన్ని పరీక్షల పాలు చేస్తే అది శ్రద్ధ ఎలా అవుతుంది, రేపు వేదాన్ని కూడా క్యూఆర్ చూపించమంటావా అని. మీమాంసకులు ఈ మాట ఇంకా పదునుగా అంటారు. కుమారిల భట్టు మతంలో జ్ఞానానికి ప్రామాణ్యం దానంతటదే వస్తుంది. బాధకం కనబడేదాకా నమ్మడమే న్యాయం. ప్రతి జ్ఞానానికీ మరో జ్ఞానం సాక్ష్యం కావాలంటే ఆ వరుసకు అంతు ఉండదు. నిజమే. కానీ మీమాంసకుడు వేదానికి ఆ గౌరవం ఇచ్చింది అది అపౌరుషేయమని. చెప్పినవాడే లేనప్పుడు చెప్పినవాడి దోషమూ ఉండదు. కేబుల్ పెట్టె మీది వాక్యానికి కర్త ఉన్నాడు, అతనికి లాభమూ ఉంది. పురుషుడు పలికిన మాటలో దోషం వెతకవచ్చునని ఒప్పుకోవడంలో మీమాంసకుడూ నైయాయికుడూ ఒకటే. ఇక నైయాయికుడైతే వేదం విషయంలోనే పరీక్ష మాట ఎత్తాడు. మంత్రానికీ, ఆయుర్వేదానికీ ఉన్న ప్రామాణ్యం లాంటిదే వేద ప్రామాణ్యం అని గౌతముడి సూత్రం. మందు రోగాన్ని తగ్గించడం కళ్ల ముందు తేలుతుంది. అలా తేలిన చోట చెప్పినవాడు నిజాయితీపరుడని రుజువైంది గనక, తేల్చలేని స్వర్గం గురించి అతని మాట వినవచ్చు. ఈ వాదం వేదం విషయంలో గెలుస్తుందో లేదో వేరే చర్చ. శ్రద్ధను పరీక్షతో కలపడం అపచారమని మాత్రం ఆ సంప్రదాయం అనుకోలేదు.

మరి ధరను చూసి నమ్మే అలవాటు ఇంత బలంగా ఎందుకుంది? దాని మూలం గుడిలో ఉందని నాకు తోస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం 2008లో మొదలుపెట్టిన భక్తి చానల్ వచ్చాక, కొండకు పోలేని ఇంట్లో కల్యాణోత్సవం టీవీలో చూడటం మామూలైంది. స్వామిని చూసే తెరకు చౌక తీగ తగిలించడానికి చేయి రాదు. ముడుపు తక్కువ చేసినట్టు అనిపిస్తుంది. మీమాంసలో యాగమంటే దేవతను ఉద్దేశించి ద్రవ్యాన్ని వదులుకోవడం. అక్కడ వదులుకోవడమే క్రియ, ఎంత కష్టపడి వదిలితే అంత అన్న భావన అర్థమవుతుంది. కొట్టు బల్ల మీద జరిగేది క్రయం. అక్కడ డబ్బు ఇచ్చింది ఒక గుణం కోసం, ఆ గుణం ఉందో లేదో అన్నదే ప్రశ్న. రెంటినీ కలిపేస్తే, ఎక్కువ వదులుకున్నాను గనక ఎక్కువ ఫలం వచ్చే తీరాలి అని మనసు లెక్క వేస్తుంది. హుండీలో చెల్లే ఆ లెక్క బిల్లు మీద చెల్లదు. తెరలో కనిపించేది దర్శనమేనా అని శాస్త్రం తెలిసినవాళ్లు విభేదించవచ్చు. అది దర్శనమే అయినా, దాని స్పష్టత కుదించిన ప్రసారంలోనే తేలిపోయింది, తీగ ధరలో లేదు.

ఇంత పరీక్ష చేస్తూ కూర్చుంటే కేబుల్ కొనేదెప్పుడు అన్నది ఆఖరి ఎత్తిపొడుపు. ఈశ్వరుణ్ణి తర్కంతో నిలబెట్టాలని న్యాయకుసుమాంజలి రాసిన ఉదయనుడే శంకకు హద్దు కూడా గీశాడు: మన నడతతోనే తగాదా వచ్చే చోట శంక ఆగిపోవాలి. రోజూ అన్నం తింటూ, అన్నం ఆకలి తీరుస్తుందా అని శంకించడం కుదరదు. కేబుల్ విషయంలో ఆ హద్దు దగ్గరలోనే ఉంది. టీవీ, బాక్సు ఏ వేగంలో నడుస్తాయో తెలుసుకోవడం, వాటి మధ్య దూరం కొలవడం, లేబుల్ను ఫోన్లో చూడటం. ఇంటికి తెచ్చాక గరిష్ఠ రిజల్యూషన్‌లో పెట్టి కాసేపు చూడటం. చుక్కలు మెరవకపోతే, మాట తెగకపోతే, తెర నల్లబడకపోతే ఆ ఇంటికి ఆ తీగ సఫలప్రవృత్తి, అంటే చేసిన పని ఫలించడం, ఇచ్చింది, శంక అక్కడ ముగిసింది. మెరిస్తే వెనక్కి తీసుకునే కొట్టువాడు ఎరుకలో లోటున్నా కోరికలో లోటు లేనివాడు. వాత్స్యాయనుడి లక్షణంలో సగం అతనిలో ఉంది, మిగతా సగం లేబుల్ పూరిస్తుంది. వెనక్కి తీసుకోనని ముందే చెప్పి, రంగుల గాఢత గురించి మాట్లాడేవాడి దగ్గర రెండు సగాలూ లేవు.