కాయకమున సంకల్పము

గద్వాల చీర నడుము నూలు. అంచు, కొంగు పట్టు. ఈ రెండును కలియు చోటనే నేతపనివాని నేర్పు తెలియును. నూలుపేకను పట్టుపేకతో పెనవేయుటకు మూడు నాడెలు కావలెను; మగ్గముకడ రెండవ మనిషియు తోడుండవలెను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో చిన్న సంస్థలు నడుపువారు క్రొత్త లెక్కల పుస్తకము తెరచునాడు ఘనముగా సంకల్పము చెప్పుకొందురు. మగ్గములు పెంచవలెను, పెండ్లి దినములకు ముందే సరకు సిద్ధము కావలెను అని. మంచిదే. కాని పట్టు ఎప్పుడు కొనవలెను, రంగు ఎవరు అద్దుదురు, కండెలు ఎవరు చుట్టుదురు, కూలి ఏనాడు ముట్టును? ఒక్కొక్క పనికి ఒక మనిషి పేరు చెప్పలేని యజమాని సంకల్పము పుస్తకములోనే యుండును. పట్టు ఆలస్యమైనచో మగ్గము నిలుచును. అప్పుడు ఆకలి మొదట చేరునది యజమాని యింటికి గాదు.

12వ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని భాండాగారమును నడపిన బసవేశ్వరుడు లెక్క యెరిగినవాడు. కాయకమును దాసోహమును ఆయన వేరుచేయలేదు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యమును ఏరి తెచ్చెడివాడు. ఒకనాడు అధికముగా తేగా, భార్య లక్కమ్మ ఆ యెక్కుడు గింజలను తెచ్చినచోటనే పోసి రమ్మన్నది. ఆ పూటకు కావలసినదెంతయో ఆమెకు తెలియును. చేతికి మించి మగ్గములు పెంచు యజమానుల యిండ్లలో అట్టి లెక్కరి అరుదు!

వారమున కొకనాడైనను యజమాని మగ్గముకడకు పోయి, ఎన్ని మూరలు సాగినదో, ఏది కొరవడినదో అడిగి, నాటి కూలి నాటి సాయంకాలమే ముట్టజెప్పవలెను. క్రొత్త మగ్గము మాట ఆ తరువాతది.