పనిముట్టు శుచి – కాయక ధర్మము

జేబులో మడిచి పెట్టుకొను చిన్న చాకును గూర్చి ధర్మవిచారమేల యని శరణబంధువులు కొందఱు అడుగవచ్చును. వస్తువు చిన్నదే కాని ప్రశ్న పెద్దది. పనిముట్టునకు పూజ చేసినంత మాత్రమున దానియెడల మన బాధ్యత తీఱునా?

ఒక విజయదశమినాడు నా చాకునకు విభూతి నలది, పువ్వుంచి నమస్కరించితిని. ముందటి దినమున దానితో నిమ్మకాయ కోసి, తుడువకయే మడిచిన సంగతి మఱచితిని. కొన్నాళ్లకు తరగతిలో ఒక బాలుడు పెన్సిలు చెక్కుకొనుటకు అడుగగా ఇచ్చితిని. అలుగు తుప్పుపట్టి మొద్దుబాఱి యుండెను. బాలుడు బలముగా నొక్కగా అది జాఱి వ్రేలు తెగినది. గాయము త్వరలోనే మానినది. తప్పు చాకుది కాదు, బాలునిదియు కాదు, నాది.

పదునైన చాకు కంటె మొద్దు చాకే తఱచు గాయము చేయును. ఏలయన, అది బలమును కోరును, బలము పెట్టిన చేయి అదుపు తప్పును. నిమ్మ, మామిడి పులుపు ఉక్కును తినివేయును గనుక కోసిన వెంటనే అలుగును కడిగి, పొడిగా తుడువవలెను. పిడి గాడిలోని మురికిని సన్నని పుల్లతో తీయవలెను. కీలునకు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలును. వంటనూనె కాలక్రమమున జిగటయై దుమ్మును పట్టును. సానరాతిపై అలుగును సుమారు 20 డిగ్రీల వాలున నుంచి, రెండు వైపులను సమముగా నూఱవలెను.

12వ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడును శరణులును కాయకమును శివారాధనముగా నెంచిరి. గడ్డి కోసి, త్రాళ్లు పేని, జంగమదాసోహము జరిపిన నులియ చందయ్య కథ ప్రసిద్ధము. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జాఱిపడినను ఆయన కాయకము మానలేదందురు. కాయకమున లోపము వచ్చినచో పూజయు లోపించునని దాని భావము. ఆయన కొడవలి మొద్దుబాఱి యున్నచో ఆ దాసోహ మెట్లు సాగెడిది?

జడవస్తువుపై ఇంత శ్రద్ధ మోహము కాదా యని మఱియొక శంక. మోహము వస్తువును దాచుకొనును. శ్రద్ధ దానిని ఇతరుల చేతికి ఇచ్చుటకు సిద్ధపఱచును. ఈ భేదమును గుర్తించిన శంక తీఱును.

ఆ చాకు నేటికిని నావద్ద నున్నది. సాయంకాలము లింగపూజకు కూర్చుండుటకు ముందు దానిని తుడిచి, తెఱచి మూసి చూచి మడుతును. పెద్దలడిగినచో పిడి వారివైపున నుండునట్లు ఇత్తును. పిల్లలకు నేనే పెన్సిలు చెక్కి యిత్తును. విజయదశమినాడు విభూతి నలదుట మానలేదు. అయితే, ముందుగా తుప్పు వదలింతును.