కొమ్ము పిండితే పాలు రావు

ఆవు పాలు పొదుగులో ఉంటాయని మన రామసముద్రం పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎవరైనా కొమ్ము పట్టుకొని పిండుతుంటే "ఏమప్పా, మతి పోయిందా?" అని అడుగుతాం. కానీ సొంత బతుకు దగ్గరికి వచ్చేసరికి మనమే కొమ్ము పట్టుకొని కూర్చుంటాం. పాలు రాలేదని ఏడుస్తాం. "నా తలరాత ఇంతే" అనుకుంటాం. ఈ కొమ్ము పోలిక బుద్ధ భగవానుడు చెప్పినదే.

భూమిజ సుత్తం

మజ్ఝిమ నికాయంలో 126వది భూమిజ సుత్తం. భగవానుడు రాజగృహంలోని వేణువనంలో ఉన్న కాలం. కోరిక పెట్టుకొని సాధన చేసినా, పెట్టుకోకుండా చేసినా ఫలితం రాదని కొందరు చెబుతున్నారే, మీ గురువుగారు ఏమంటారని జయసేనుడనే రాజకుమారుడు భూమిజ భిక్షువును అడిగాడు. భూమిజుడు తనకు తోచిన జవాబు చెప్పి వచ్చి, సరిగానే చెప్పానా అని భగవానుణ్ణి అడిగాడు. సరిగానే చెప్పావని భగవానుడు నాలుగు పోలికలు చెప్పాడు.

నూనె కావాలని ఒకడు తొట్టిలో ఇసుక పోసి, నీళ్లు చిలకరించి పిండుతున్నాడు. పాలు కావాలని ఒకడు ఈనిన ఆవు కొమ్ము లాగుతున్నాడు. వెన్న కావాలని ఒకడు కుండలో నీళ్లు పోసి చిలుకుతున్నాడు. నిప్పు కావాలని ఒకడు తడిసిన పచ్చికట్టెను రుద్దుతున్నాడు. వీళ్లు ఎంత గట్టిగా కోరుకున్నా ఫలితం రాదు, కోరుకోకపోయినా రాదు. అదే నువ్వుల పిండి, పొదుగు, పెరుగు, ఎండుకట్టె పట్టుకున్నవాడికి? కోరుకున్నా వస్తుంది, కోరుకోకపోయినా వస్తుంది.

ఈ నలుగురిలో సోమరి ఒక్కడూ లేడు చూడండి. అందరూ చెమటోడ్చి పని చేస్తున్నవాళ్లే. లోపం కష్టంలో లేదు, కోరికలో లేదు, పట్టుకున్న సాధనంలో ఉంది. కాబట్టి ఓడిపోయిన బిడ్డను "నువ్వు పనికిరావు" అనకండి. వాడు ఇసుక పిండుతున్నాడేమో చూడండి. ఇసుక మానుకోవచ్చు, నువ్వులు తెచ్చుకోవచ్చు. తలరాత అనుకుంటే మాత్రం ఆ దారి కూడా మూసుకుపోతుంది.

మన ఊళ్లో ఇసుక ఏది?

అప్పు తీర్చాలని సెల్‌ఫోనులో బెట్టింగ్ ఆడేవాడు ఇసుక పిండుతున్నాడు. కువైట్ ఉద్యోగమని కాగితం చూడకుండా దళారీ చేతిలో లక్షలు పెట్టేవాడు కొమ్ము లాగుతున్నాడు. పుస్తకం తెరవకుండా ప్రశ్నపత్రం ముందే దొరుకుతుందని తిరిగే పిల్లవాడు నీళ్లు చిలుకుతున్నాడు. ఇంట్లో శాంతి కావాలంటూ తాగొచ్చి అరిచేవాడు పచ్చికట్టె రుద్దుతున్నాడు.

ఇంకొక రకం కూడా ఉంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి పెట్టారు. మందులు లేని ఆ రోజుల్లో విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండే వైద్యం. నేడు మామూలు క్షయకు ఆరు నెలల మందు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. రెండు నెలలకే దగ్గు తగ్గిందని మానేస్తే రోగం మళ్లీ తిరగబడుతుంది, ఈసారి మందుకు లొంగకపోవచ్చు కూడా. అలా మానేసినవాడు చిలికింది పెరుగునే, కానీ వెన్న తేలకముందే కవ్వం వదిలేశాడు.

మరి టమోటా రైతు సంగతి?

ఇక్కడ ఒక అన్న అడగొచ్చు. "మేము మంచి నారు పెట్టినాం, మందు కొట్టినాం, కాపు బాగా వచ్చింది. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయింది. మేమేం తప్పు చేసినాం?" ఆ రైతు తప్పు చేయలేదు. కాపు రావడానికి కావలసినవన్నీ ఆయన చేశాడు, కాపు వచ్చింది. ధరకు కారణాలు వేరు, అవి ఒక్క రైతు చేతిలో లేవు. ధమ్మం ఈ నిజాన్ని దాచదు. అందుకే సిగాలోవాద సుత్తంలో భగవానుడు గృహస్థుకు లెక్క చెప్పాడు: సంపాదన నాలుగు భాగాలు చేసి ఒక భాగం అనుభవించు, రెండు భాగాలు పనిలో పెట్టు, నాలుగోది ఆపదకు దాచు. పంటకు సాధనం విత్తనం. ధర పడిన ఏటికి సాధనం ఆ నాలుగో భాగం. వచ్చిందంతా ఒకే పంటకు, అప్పుతో సహా, పెట్టేస్తే ఆ సాధనం చేతిలో ఉండదు.

దీఘజాణుడనే గృహస్థుకు ఇంకా నాలుగు చెప్పాడు: పనిలో నేర్పు, సంపాదించినదాన్ని కాపాడుకోవడం, మంచి స్నేహం, రాబడికి తగిన ఖర్చు. వీటిలో డబ్బుతో కొనాల్సింది ఒక్కటీ లేదు.

బాబాసాహెబ్ చూపిన దారి

డాక్టర్ అంబేద్కర్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆ గడువు అయిపోయి, 1917లో లండన్ చదువు సగంలో ఆపి తిరిగి రావలసివచ్చింది. అక్కడితో వదిలేయలేదు. బొంబాయి సిడెనం కాలేజీలో పాఠాలు చెప్పి జీతం మిగుల్చుకున్నారు. కొల్హాపూర్ షాహూ మహారాజు, మిత్రుడు నావల్ భతేనా సాయపడ్డారు. 1920లో మళ్లీ లండన్ వెళ్లి 1923లో డి.ఎస్సీ. సాధించారు. నేర్పు, పొదుపు, మంచి స్నేహం: దీఘజాణుడికి చెప్పినవే ఇవి. ఆయన 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో మన చేతికిచ్చిన అష్టాంగ మార్గం కూడా సాధనమే. సరైన దృష్టి, సంకల్పం, మాట, పని, జీవనోపాధి, ప్రయత్నం, ఎరుక, సమాధి: దుఃఖం తీరడానికి ఇవే నువ్వులు, ఇదే పొదుగు.

ఈ రాత్రి అడగవలసిన మూడు ప్రశ్నలు

పడుకునే ముందు ఐదు నిమిషాలు ఊపిరిని గమనిస్తూ కూర్చోండి. తర్వాత అడగండి.

1. నాకు కావలసింది ఏది? అది దేని నుంచి పుడుతుంది?
2. నేను ఇప్పుడు దేన్ని పిండుతున్నాను?
3. ఈ దారిలో నాకు గానీ ఇతరులకు గానీ హాని ఉందా?

మూడో ప్రశ్నకు "ఉంది" అని జవాబు వస్తే ఆ దారి ఎంత దగ్గరిదైనా వదిలేయండి. రెండో ప్రశ్నకు "ఇసుక" అని వస్తే బాధపడకండి. రేపు పొద్దున తొట్టిలోని ఇసుక పారబోసి, నువ్వులు ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లను అడగండి. అడగడం చిన్నతనం కాదు. భిక్షువైన భూమిజుడు కూడా తాను చెప్పింది సరా కాదా అని అడిగాడు. అడిగినందువల్లే ఆ నాలుగు పోలికలు మనదాకా వచ్చాయి.

అందరూ సుఖంగా ఉండాలి.

జై భీమ్. నమో బుద్ధాయ.