కనిపించినదీ, తెలిసినదీ

హోసూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో నేను గణన సిద్ధాంతం చెప్తాను. కంప్యూటరు చేయగల పనులేవి, ఎంత కాలమిచ్చినా చేయలేనివేవి అని విచారించే శాస్త్రమది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు, ఈ మూడింటి మధ్య నలిగే పిల్లలు నా తరగతిలో కొందరుంటారు. నిర్వచనం అప్పజెప్తారు, అర్థమడిగితే తల దించుకుంటారు.

అందుకే అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో సూసన్ రాడ్జర్ బృందం తయారుచేసిన జేఫ్లాప్ అనే సాధనాన్ని తరగతికి తెచ్చాను. తెర మీద గుండ్రాలు గీసి బాణాలతో కలిపితే యంత్రం సిద్ధం. అక్షరాల వరస ఇస్తే అది ఏ గుండ్రం నుంచి ఏ గుండ్రానికి పోతుందో కళ్ళముందే కనిపిస్తుంది. ఒప్పుకుంటే ఆకుపచ్చ, కాదంటే ఎరుపు. పిల్లల ముఖాలు విప్పారాయి. ఆ సంబరంలో నేనొక తప్పు చేశాను.

ఒకట్లూ సున్నాలతో రాసిన సంఖ్య మూడుతో శేషం లేకుండా భాగింపబడుతుందా అని చెప్పే యంత్రం గీయమన్నాను. పదిహేను లోపు పది సంఖ్యలిచ్చి, ఎన్ని సరిపోతే అన్ని మార్కులు వేశాను. ఒక కుర్రవాడికి పదికి పది. ఒక అమ్మాయికి నాలుగు.

మర్నాడు ఆ అమ్మాయి నోటుపుస్తకం తెచ్చింది. 'చదివినంత వరకు వచ్చిన శేషం గుర్తుంటే చాలు. శేషాలు మూడే, కాబట్టి గుండ్రాలు మూడే' అని తెలుగులో రాసుకుంది. అసలు కీలకం అదే. ఒక గుండ్రం నుంచి పోయే రెండు బాణాలు మాత్రం తారుమారు చేసింది. కుర్రవాడి యంత్రం తెరిచి చూశాను. పదిహేను దాకా ఒక్కొక్క సంఖ్యకూ విడివిడిగా దారులు గీశాడు. పద్దెనిమిది ఇస్తే ఎరుపు వచ్చింది.

అడిగితే, "మీరు చిన్న సంఖ్యలే ఇస్తారని తెలుసు సార్," అన్నాడు. వాణ్ణి ఏమనగలను? నేను నేర్పింది అదే కదా.

మన నైయాయికులు ప్రత్యక్షాన్నీ అనుమానాన్నీ వేర్వేరు ప్రమాణాలన్నారు. తెర చూపేది ప్రత్యక్షం. 'ఏ సంఖ్యకైనా' అన్న మాటను ఏ తెరా చూపలేదు. అది ఆలోచించి చేరవలసిన చోటు. యంత్రం ఆగుతుందో లేదో అన్ని సందర్భాల్లోనూ తేల్చే పద్ధతి ఉండదని ట్యూరింగ్ 1936లో వేసిన పునాది మీదే మనకు తెలిసింది. 1989లో మార్క్సెన్, బుంట్రాక్ కనుగొన్న ఐదు స్థితుల యంత్రం 4,71,76,870 అడుగులు నడిచి ఆగుతుంది. పది లక్షల అడుగులు చూసి 'ఇక ఆగదు' అన్నవాడు తప్పినట్టే. అలాంటి యంత్రాల్లో అంతకన్నా ఎక్కువ నడిచి ఆగేది లేదని రుజువైంది 2024లోనే.

అలాగని సాధనాన్ని అటకెక్కించలేదు. ఆ అమ్మాయికి తలుపు తీసింది అదే. ఇప్పుడు సగం మార్కులు తెరకు. మిగతా సగం, 'ఇది ఎందుకు సరైనది' అని నాలుగు వాక్యాలు ఏ భాషలో రాసినా వాటికి. దిద్దడానికి రెట్టింపు సమయం పడుతోంది. పట్టనీ.

ఆ మార్కులు మాత్రం అప్పటికే కార్యాలయానికి వెళ్ళిపోయాయి. ఆ బాకీ ఇంకా నా మీదే ఉంది.