గెలుపులో వాటా

2016 ఆగస్టు 19 సాయంత్రం నేను రావులపాలెం దగ్గర మా అమ్మావాళ్ల ఊళ్లో ఉన్నాను. టీవీలో రియో ఒలింపిక్స్ ఫైనల్. పి.వి.సింధు, కరోలినా మారిన్ ఆడుతున్నారు. సింధు మొదటి గేమ్ గెలిచి, తర్వాత రెండూ పోగొట్టుకుంది. మారిన్ నేలమీద పడి ఏడుస్తుంటే వెళ్లి లేపి కౌగిలించుకుంది. అంతా చూసి అమ్మ ఒకటే అడిగింది: "అంత దూరం ఆ పిల్లతో ఎవరెళ్లారే?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ ప్రశ్నతో నాకు పాత పరిచయం ఉంది.

2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాక మా ఊరి పిల్లలకి షటిల్ పిచ్చి పట్టుకుంది. బడి ఆవరణలో సున్నంతో గీతలు గీసుకుని నేనూ తమ్ముడూ ఆడేవాళ్లం. అప్పటి నిబంధనల్లో సింగిల్స్ గేమ్ మగవాళ్లకి 15 పాయింట్లు, ఆడవాళ్లకి 11. ఇద్దరికీ సమానంగా 21 అయింది 2006లో. "మీది తొందరగా అయిపోతుందిలే" అని తమ్ముడు వెక్కిరించేవాడు. నేను తొమ్మిదిలో ఉండగా కాకినాడలో జిల్లా ఎంపికలకి పిలుపొచ్చింది. నాన్న వద్దనలేదు. "నీతో ఎవరొస్తారే?" అంది అమ్మ. ఎవరికీ కుదరలేదు. నా ఆట అక్కడితో అయిపోయింది. రెండేళ్ల తర్వాత అదే ఎంపికలకి తమ్ముడు ఆర్టీసీ బస్సెక్కి ఒక్కడే వెళ్లొచ్చాడు.

సింగిల్స్‌లో ఒక మనిషికి దక్కే స్థలం 22 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు. వర్జీనియా ఉల్ఫ్ అడిగిన సొంత గది నాకు మొదట దొరికింది పుస్తకంలో కాదు, ఆ సున్నపు గీతల మధ్య. అక్కడ పాయింటు వస్తే నాది, పోతే నాది. ఇంట్లో నా మార్కులు నాన్న పోలిక, నా తప్పులు అమ్మ పెంపకం. తన తప్పు తనదిగా ఉండటం కూడా ఆడపిల్లకి ఎంత అరుదైన విషయమో అప్పట్లో తెలియదు గానీ, ఆ రుచి మాత్రం తెలిసింది.

1993లో రావులపాలెంలోనే పుట్టిన కిదాంబి శ్రీకాంత్ ఆ గీతల మధ్య నుంచి చాలా దూరం వెళ్లాడు. 2014 చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ని ఓడించాడు. 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నెంబర్ వన్ అయ్యాడు. టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్లలేకపోయినా, 2021 డిసెంబర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం తెచ్చాడు. అతని కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అతని పరిచయాల్లో తల్లి గురించి తరచు కనిపించేది "గృహిణి" అన్న ఒక్క మాటే. ఇద్దరు కొడుకులూ బ్యాడ్మింటన్ ఆడిన ఇంట్లో ఆ మాట వెనక ఎంత శ్రమ ఉంటుందో మనం ఊహించగలం. ఏ గెలుపూ ఒక్కరిది కాదని, దాని వెనక లెక్కకి రాని ఆడవాళ్ల పని ఉంటుందని ఇన్నేళ్లుగా మనం రాస్తున్నాం. నేనూ రాశాను.

రియో తర్వాత అదే వాక్యం వేరే గొంతుల్లో విన్నాను. తెలంగాణ 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు ప్రకటించాయి. మా అమ్మాయంటే మా అమ్మాయన్నారు. సింధు కులం ఏమిటని గూగుల్‌లో వెతికినవాళ్లలో మన రెండు రాష్ట్రాలవాళ్లే ముందున్నారని పత్రికలు రాశాయి. అందరూ అన్నది ఒకటే, ఈ గెలుపు ఆమె ఒక్కదానిదే కాదని. మరి మరుసటి ఏడు గ్లాస్గోలో నొజొమి ఒకుహరాతో 110 నిమిషాలు ఆడి చివరి గేమ్ 20-22తో ఓడిపోయినప్పుడు వీళ్లలో ఎవరు వాటాకి వచ్చారు? 2018లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్, ఆసియా క్రీడల ఫైనల్ కూడా పోయాయి. "ఫైనల్ అంటే తడబడుతుంది" అన్న ముద్ర మాత్రం పూర్తిగా ఆమెదే. 2019లో బాసెల్‌లో అదే ఒకుహరాని 21-7, 21-7తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాక మళ్లీ అందరి అమ్మాయి అయింది.

పి.వి.వి.లక్ష్మి సంగతి ఇంకోటి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మహిళల సింగిల్స్ ఆడింది. గోపీచంద్ ఒలింపిక్స్‌లో ఆడింది 2000లో సిడ్నీలో. 2002లో వాళ్ల పెళ్లయింది. తర్వాత ఆమెకి మిగిలిన పరిచయం "గోపీచంద్ భార్య". ఆయన ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టిన కథ అందరికీ తెలుసు. ఆ కథలో ఇల్లు ఉంటుంది గానీ, ఆ ఇంట్లో ఒలింపిక్స్ ఆడొచ్చిన ఇంకో మనిషి కూడా ఉందని ఎవరూ గుర్తు చెయ్యరు.

నాకు డాక్టరేట్ వచ్చినప్పుడు మా ఊళ్లో చాలామంది అడిగారు, "మీ ఆయనగారు చదివించారామ్మా?" అని. నాకు ఒళ్లు మండింది. నా చదువు నేనే చదువుకున్నానండీ అన్నాను. ఆ రాత్రి నా సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతల పేజీ తీసి చూసుకున్నాను. గురువులున్నారు, లైబ్రరీలున్నాయి, "నా తల్లిదండ్రులకు" అన్న రెండు మాటలున్నాయి. స్త్రీల కనిపించని శ్రమ మీద మూడొందల పేజీలు రాసిన నేను, బడి మెట్లని మర్చిపోయాను.

నేను షటిల్ ఆడిన రెండేళ్లూ రోజూ సాయంత్రం అమ్మ ఆ మెట్ల మీద కూర్చునేది. ఒళ్లో పళ్లెం పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉండేది. నాయనమ్మకి ట్యూషన్ అని చెప్పేది. కాకినాడకి అడ్డుపడిన అమ్మే, ఆ రెండేళ్లు నాకు సంపాదించిపెట్టింది కూడా.

మరి గెలుపు ఎవరిది? వాటా అడిగేవాళ్లందరినీ ఒకే గాటన కట్టలేం. మనం తల్లి శ్రమని లెక్కలోకి తెమ్మన్నది, చేసిన పనికి పేరు పెట్టమని. కులం, ప్రాంతం, పెళ్లి అడిగేది పని చేయకుండానే యాజమాన్యం. ఓటమిలో కూడా పక్కన నిలబడ్డారా లేదా అని అడిగితే ఆ రెంటికీ తేడా తెలిసిపోతుంది. కానీ అక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు.

ఈమధ్య ఊరెళ్లినప్పుడు అమ్మని ఆ మెట్ల గురించి అడిగాను. "కూర్చోకపోతే నిన్ను ఆడనిచ్చేవాళ్లా ఏంటి?" అంది మామూలుగా. "నడుం పడిపోయేది."

ఆ త్యాగాన్ని మెచ్చుకుంటూ ఓ వ్యాసం రాయాలనుకున్న దాన్ని, ఆగిపోయాను. ఆడపిల్ల ఒంటరిగా ఆడటానికి వీల్లేదన్న నియమానికి అమ్మ తన సాయంత్రాలతో చెల్లించిన సుంకం అది. నన్ను ఒక్కదాన్నే వదిలే లోకమైతే, అమ్మకీ ఆ గంట తనదిగా మిగిలేది. ఆ గంటలో ఏం చేసేదానివని అడిగితే చాలాసేపు ఆలోచించింది. "ఏమో, ఎప్పుడూ అనుకోలేదే" అంది.