లేచిన అంచు

ఫిగర్ స్కేటింగ్‌లో ప్రధానమైన గెంతులు ఆరు. టో లూప్, సాల్కోవ్, లూప్, ఫ్లిప్, లట్జ్, ఆక్సెల్. చాలాకాలం నాకు అవన్నీ ఒకటే. ఒక మనిషి వేగంగా జారుతూ వస్తుంది, గాల్లోకి లేస్తుంది, బొంగరంలా మూడుసార్లు తిరిగి దిగుతుంది. మనం చప్పట్లు కొడతాం. కామెంటేటర్ మాత్రం మనకి కనపడనిదేదో చూసి "ట్రిపుల్ లట్జ్" అంటాడు. ఈయనకెలా తెలిసింది?

2022 ఫిబ్రవరిలో, రాజమండ్రిలో మా నాన్న మంచం పక్కన కూర్చుని, ఫోన్లో బీజింగ్ ఒలింపిక్స్ చూస్తూ ఆ విద్య నేర్చుకున్నాను. నాన్నకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయి అప్పటికి మూడు నెలలు. ఆయన నిద్రపోతుంటే సౌండు తీసేసి చూసేవాణ్ణి. కామెంటరీ లేదు కాబట్టి ఏది ఏ గెంతో నా కళ్ళే చెప్పాలి.

మొదట తెలిసిన సంగతి: గాల్లో ఉన్నప్పుడు చూసి లాభం లేదు. అక్కడ అన్నీ ఒక్కలాగే ఉంటాయి. దిగేటప్పుడు చూసినా లాభం లేదు. ఎక్కువమంది స్కేటర్లు ఎడమవైపుకి తిరుగుతారు. వాళ్ళు ఆరింటిలో ఏది గెంతినా చివరికి కుడికాలి మీద, వెనక్కి జారుతూ, బ్లేడు బయటి అంచు మీదే దిగుతారు. తేడా అంతా లేచే క్షణంలోనే ఉంది.

స్కేటు బ్లేడుకి అడుగున మధ్యలో సన్నటి గాడి ఉంటుంది. దానికి అటూ ఇటూ రెండు అంచులు, ఒకటి లోపలిది, ఒకటి బయటిది. ముందు కొసన రంపంలాంటి పళ్ళు. ఏ కాలు, ఏ అంచు, పళ్ళు మంచులో గుచ్చారా లేదా, ఈ మూడూ గమనిస్తే చాలు. ముందుకు చూస్తూ లేస్తే అది ఆక్సెల్. మిగతా ఐదూ వెనక్కి జారుతూ లేచేవే, అందుకే ఆక్సెల్‌లో అర చుట్టు ఎక్కువ. పళ్ళు గుచ్చకుండా, ఎడమకాలి లోపలి అంచు మీద నుంచి, కుడికాలిని చుట్టూ విసిరి లేస్తే సాల్కోవ్. కుడికాలి బయటి అంచు మీద, కుర్చీలో కూర్చోబోతున్నట్టు మోకాలు వంచి లేస్తే లూప్. అదే అంచు మీద ఉండి ఎడమకాలి పళ్ళు గుచ్చి లేస్తే టో లూప్.

మిగిలినవి ఫ్లిప్, లట్జ్. రెండింటిలోనూ ఎడమకాలి మీద వెనక్కి జారుతూ కుడికాలి పళ్ళు గుచ్చి లేస్తారు. తేడా ఒక్కటే. ఫ్లిప్‌కి లోపలి అంచు, లట్జ్‌కి బయటి అంచు. బ్లేడు మందం నాలుగు మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉంటుందేమో. తగువంతా ఆ కాస్త మందంలోనే.

లట్జ్ ఎందుకు కష్టమంటే, బయటి అంచు మీద జారే దారి ఒకవైపుకి వంగుతుంది, గాల్లో తిరగాల్సింది దానికి ఎదురువైపుకి. అందుకే లట్జ్ చెయ్యబోయేవాళ్ళు రింక్ మూలకి పొడవాటి వంపులో, భుజం మీదుగా వెనక్కి చూసుకుంటూ వస్తారు. అంతసేపూ బయటి అంచు మీదే ఉంటారు. పళ్ళు గుచ్చే ఆఖరి క్షణంలో ఒళ్ళు సులువు వెతుక్కుంటుంది. చీలమండ లోపలికి వాలుతుంది, అంచు మారిపోతుంది. లట్జ్‌గా మొదలైంది ఫ్లిప్‌గా లేస్తుంది. స్కేటింగ్ లోకంలో దీనికి వెటకారపు పేరొకటి ఉంది, ఫ్లట్జ్ అని. చప్పట్లు కొట్టేవాళ్ళకి తెలియదు. రీప్లేలు నెమ్మదిగా తిప్పి చూసే టెక్నికల్ ప్యానెల్ మాత్రం స్కోరుషీట్‌లో ఆ గెంతు పక్కన 'ఇ' అని చిన్న ఇంగ్లీషు అక్షరం పెడుతుంది.

ఆ సంగతి తెలిసిన రోజు ఫోన్ పక్కన పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

బెంగళూరులో ఉద్యోగం వదులుకుని తండ్రిని చూసుకోడానికి వచ్చాడని మా వీధంతా నన్ను చెప్పుకునేది. ఒళ్ళు తుడవడం, మందులు, రోజుకి రెండుసార్లు కాళ్ళూ చేతులూ ఆడించడం, అన్నీ నేనే చేసేవాణ్ణి. అందులో అబద్ధం లేదు. రావాలనుకున్న మాటా నిజమే. నాన్న పడిపోయారని ఫోనొచ్చిన రాత్రి నుంచీ నెల రోజులపాటు అనుకుంటూనే ఉన్నాను. రాజీనామా పంపింది మాత్రం, మేనేజర్ పిలిచి ఇంకో చోట చూసుకుంటే మంచిదని చెప్పిన సాయంత్రం. వాళ్ళు పొమ్మనక ముందే వచ్చేశాను. ఆ నెల రోజుల వంపంతా నిజమే. లేచిన అంచు వేరు.

1785లో వచ్చిన తన పుస్తకంలో కాంట్ ఒక కొట్టువాడి గురించి రాశాడు. చిన్నపిల్లాడు కొనడానికొచ్చినా ధర పెంచి మోసం చెయ్యడు. మంచిదే. కానీ అది తన ధర్మమనుకుని చేశాడా, మోసం చేస్తే బేరాలు పోతాయన్న లెక్కతో చేశాడా? లెక్కతో చేసినదైతే దానికి నైతిక విలువ లేదంటాడు కాంట్. ఎంత తవ్వుకున్నా మన ఉద్దేశాల అడుగు మనకే పూర్తిగా కనపడదని కూడా ఆయనే అంటాడు. ఆ రెండో మాట పట్టుకుని నేను కొన్నాళ్ళు బతికాను. కానీ నా విషయంలో అంత తవ్వాల్సిన పని లేదు. రాజీనామా మెయిల్ మీద తేదీ ఉంది, టైము ఉంది.

ఇంకో వాదన కూడా ఉంది, ఇంకా గట్టిది. నాన్నకేమిటి తేడా? ఆయనకి పట్టిన జావ వేడిగానే ఉంది. రాత్రి మూడింటికి పిలిస్తే పలికే మనిషి ఉన్నాడు. నేను ఎందుకొచ్చానన్నదానితో ఆయన వీపు మీద పుండ్లు తగ్గవు. మంచిపని ఫలితాన్ని బట్టి చూడాలా, ఉద్దేశాన్ని బట్టి చూడాలా అంటే, మంచం మీదున్న మనిషి ఫలితం వైపే ఉంటాడు. ఆ వాదన వెనక హాయిగానే ఉండేవాణ్ణి, అక్క లేకపోతే.

అక్క డల్లాస్‌లో ఉంటుంది. రావాలని ఏడ్చింది. వస్తే వీసా స్టాంపింగ్ దొరక్క ఇక్కడే చిక్కుకుపోతానేమో, ఉద్యోగం పోతే ఈ ఖర్చులెవరు పెడతారని ఆగిపోయింది. ఆసుపత్రి బిల్లులు, మందులు, ఇంట్లో బియ్యంతో సహా అన్నీ ఆమె డబ్బే. ఓ ఆదివారం మా మేనత్త వచ్చి, నాన్న వినేలాగే అంది: "కూతురైతే డాలర్లు పంపుతుంది. కొడుకైతే వస్తాడు." నేను టీ కలుపుతూ ఊరుకున్నాను.

అదే ఒలింపిక్స్‌లో యుజురు హన్యు నాలుగున్నర చుట్ల ఆక్సెల్‌కి లేచి, పడిపోయాడు. నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాడు. అయినా స్కోరుషీట్‌లో ఆ గెంతు పేరు క్వాడ్ ఆక్సెల్ అనే రాశారు, చుట్టు పూర్తి కాలేదన్న గుర్తు పక్కన పెట్టి. దిగలేకపోయినా లేచినదాని పేరు లేచినదే. అక్కకి మా ఇంట్లో ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు. దక్కకుండా అడ్డుపడింది నా చప్పట్లే.

ఆ సీజన్ మార్కుల పట్టికలో ట్రిపుల్ లట్జ్ విలువ 5.9. ట్రిపుల్ ఫ్లిప్‌ది 5.3. అంచు తప్పిన ట్రిపుల్ లట్జ్‌ది దాదాపు 4.7. సున్నా కాదు, తిరిగిన చుట్లు తిరిగినట్టే. కానీ సూటిగా చేసిన ఫ్లిప్ కన్నా తక్కువ. నాకు కాంట్ కన్నా ఈ పట్టికే నచ్చింది. లోపలి అంచు మీద నుంచి లేవడం నేరమేం కాదు. అలా లేచే గెంతుకి మర్యాదైన పేరొకటి ఉంది. ఉద్యోగం పోయేలా ఉందని ఇంటికొచ్చి తండ్రిని చూసుకున్న కొడుకు కూడా మంచి కొడుకే. నా తప్పల్లా పైపేరు తీసుకుని ఊరుకోవడం. ఆ పేరు ఊరికే రాలేదు, ఇంకొకరి వాటాలోంచి వచ్చింది.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "నాకు చెప్పావు సరే. అత్తకి చెప్పావా?"

వచ్చే ఆదివారం చెప్పాను, నాన్న వినేలాగే. అత్త టీ గ్లాసు కింద పెట్టి, "అయితే ఏమైందిరా, వచ్చావు కదా" అంది. నిజమే, వచ్చాను. ఆ తర్వాత కూడా అత్త నన్ను మెచ్చుకోవడం మానలేదు. అక్కని మాత్రం మళ్ళీ ఏమీ అనలేదు.