ముందు సూచన, తొందర తీర్పు

కథలో తరువాత జరగబోయేదానికి రచయిత ముందే ఒక చిన్న గురుతు పెడతాడు. దీన్ని ముందు సూచన అంటారు. మన మదురైలో జరిగే శిలప్పదికారం కథలో ఇవి చాలా ఉన్నాయి. కణ్ణగి పుహార్‌లో ఉన్నప్పుడే కల కంటుంది. ఒక పెద్ద ఊరు, కోవలన్ మీద నింద, ఆ ఊరికీ రాజుకీ కీడు. తరువాత కోవలన్ ఆమె కాలి అందె అమ్మడానికి బయలుదేరితే ఒక ఎద్దు ఎదురొస్తుంది. గొల్లవాళ్లకు అది చెడు శకునం. వర్తకుల ఇంట పుట్టిన కోవలన్‌కు ఆ సంగతి తెలియదని కవి ఇళంగో అడిగళ్ చెబుతాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మాకు ఇది బాగా అర్థమవుతుంది. ఒక ఇంటి శకునం పక్కింటికి శకునం కాదు.

ఇన్ని సూచనలు ఉన్నాయి కదా, మరి తప్పు ఎవరిది? మా అవ్వను అడిగితే "అంతా విధిరా" అనింది. ఆ కావ్యం కూడా విధిని నమ్ముతుంది. నేను మాత్రం పూర్తిగా ఒప్పుకోలేకపోయాను.

కోవలన్‌ను తప్పు పట్టలేము. చివర ఏమవుతుందో తెలిసిన మనకే ఆ ఎద్దు సూచన. దారిలో నడిచేవాడికి అది ఉత్త ఎద్దే. పాండ్యరాజు సంగతి వేరు. ఆయన కంసాలి మాట నమ్మి, విచారించకుండా చంపమన్నాడు. రాణి అందెలో ముత్యాలు, కణ్ణగి అందెలో మాణిక్యాలు. ముందే పగలగొట్టి చూసుంటే నిజం తెలిసేది. దానికి ఏ కలా, ఏ శకునమూ అక్కరలేదు. తప్పు తెలిశాక రాజు సింహాసనం మీదే ప్రాణం విడిచాడు. కానీ కోవలన్ తిరిగి రాలేదు.

నేనూ ఇలాంటి తప్పు చేశాను. పోయిన ఏడు ట్యూషన్‌లో ఒక స్నేహితుడి 200 రూపాయలు కనపడలేదు. ఇంకో అబ్బాయి అతని సంచి దగ్గర నిలబడి ఉండగా నేను చూశాను. ముందురోజే వాడు నన్ను డబ్బు అప్పు అడిగాడు. ఈ రెండూ కలిపి కథ అల్లి, వాడి పేరు నేనే చెప్పాను. రెండు రోజులకు ఆ డబ్బు లెక్కల నోటు అట్టలోపల దొరికింది. క్షమించమని అడిగాను. "సరేలే" అన్నాడు. ఇప్పుడు మాత్రం నా పక్కన కూర్చోడు.

కథలో సూచన నిజమవుతుంది, ఎందుకంటే రచయిత చివర తెలిసే దాన్ని పెడతాడు. నేను చూసిన గురుతులను పెట్టింది నా అనుమానమే. కథ చదివేటప్పుడు సూచనలు వెతుకుదాం, అందులో సంతోషం ఉంది. మనిషి మీద నింద వేసేముందు మాత్రం అందెలో ఏముందో చూద్దాం.